కెర్నెలు గారి పదవీ విరమణ

మా గెడ్డవలస ఎత్తిపోతల పథకానికి ప్రభుత్వం మంజూరు చేసిన లస్కరు పోస్టు ఒకటే ఒకటి. అందులో ఒక కంప్యూటరు పనిచేస్తోంది.

ఇందులో వింతేమీ లేదు. పాత లస్కరు పైడయ్య దిగిపోయాక కొత్తవాణ్ణి వేయలేదు. ఏటి ఒడ్డున మోటారు వేసేవాడు లేడు, వంతు ప్రకారం తూములు ఎత్తేవాడు లేడు. నీళ్లు ఎక్కువై ఎగువ మళ్ల గట్లు తెగేవి. శివారున మా మళ్లకు నోరు తడిసేది కాదు. నాది శివారు భూమి.

అప్పుడు నా మేనకోడలు దమయంతి నాలుగు చోట్ల నుంచి నాలుగు ముక్కలు తెచ్చి ఒక కంప్యూటరు కట్టింది. గోడ కట్టినట్టే కట్టింది. అందులో లైనక్సు అనేదాన్ని వేసింది. దాన్ని బాగుచేయడానికి ఏ కంపెనీ మనిషీ రాడు, ఎవరిది వాళ్లే చూసుకోవాలి. మా ఊళ్లో వైద్యం కూడా అలాగే నడుస్తుంది గనుక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

కంప్యూటరు వంతు తప్పలేదు. దానికి ఎగువన బావమరుదులు లేరు, దిగువన పగవాళ్లు లేరు.

చిక్కు కరెంటు బిల్లు దగ్గర వచ్చింది. కంప్యూటరుకు బిల్లు కట్టడానికి డివిజను ఆఫీసు పద్దుల్లో గడి లేదు. అక్కడి సూపరింటెండెంటు పంచాక్షరి గారు దయగల మనిషి. లస్కరు పోస్టు ఖాళీగానే ఉంది కదా అని ఆ ఖాళీలో కంప్యూటరును చూపించారు. బిల్లు పాసయింది. ఆ రోజు నుంచి అది లస్కరు. ఏటేటా ఖాకీ బట్టలు వచ్చేవి, మేకుకు తగిలించేవాళ్లం. టార్చిలైటు వచ్చింది. గమ్‌బూట్లు వచ్చాయి. వానకోటు వచ్చింది. పంపుహౌసు కప్పు కారేచోటే కంప్యూటరు ఉండడం వల్ల వానకోటు మాత్రం అది నిజంగానే తొడుక్కునేది.

ఈ ఏడు వరి పొట్టకు వచ్చే వేళకు వానలు మొహం చాటేశాయి. పొట్టకొచ్చిన వరికి నీళ్లు అందకపోతే కంకి వెన్ను బయటికి రాదు. వచ్చినా తాలు. సరిగ్గా అప్పుడే ఏటి మట్టం కొలిచే పాత పరికరం చెడిపోయి కొత్తది బిగించారు. కంప్యూటరు ఆ కొత్తదాన్ని గుర్తుపట్టలేదు. ఏరు తగ్గిపోయిందేమో, మోటారు కాలిపోతుందేమో అన్న భయంతో మాటిమాటికీ మోటారు ఆపేస్తోంది. ఆగినప్పుడల్లా ముందు ఎండేది శివారు.

"కెర్నెలు మార్సాలి మావా," అంది దమయంతి.

"అదేటి?"

"మేస్త్రీ అనుకో. మిషను ఒళ్లంతా కూలోలు. ఒకడు మోటారేస్తాడు, ఒకడు తూమెత్తుతాడు, ఒకడు లెక్క గుర్తెట్టుకుంటాడు. ఎవుడేటి సెయ్యాలో సెప్పే మేస్త్రీ కెర్నెలు. ఈ పాత మేస్త్రీకి కొత్త కూలోడి బాస తెలీదు. కొత్త మేస్త్రీకి తెలుసు."

"పాతోణ్ణి ఎల్లగొట్టేత్తావేటి?"

"ఏల? పక్కనే పడుంటాడు. కొత్తోడు పేచీ పెడితే, మిషను లెగిసేటప్పుడు నువ్వు లెగరా అంటే పాతోడే లెగుస్తాడు. కొత్తెద్దుని కొన్నామని తొలి దుక్కికే పాతెద్దుని అమ్మీసుకుంటామేటి?"

"ఎంతసేపు?"

"నువ్వు టీ తాగొచ్చీసరికి."

టీ తాగి వచ్చేసరికి పంపుహౌసు గుమ్మంలో మా నీటి సంఘం అధ్యక్షుడు జోగినాయుడు చేతులు రెండు పక్కలా చాపి నిలబడి ఉన్నాడు.

"అడక్కండా ముట్టుకోకు తల్లీ. ఎనకటికి ఈ పంపుహౌసులో బల్బు మార్సి మూడేళ్లు జవాబులు రాసినోణ్ణి."

"అడిగితే ఆళ్లేటి సెప్తారు పెదనాన్నా? ఆళ్లకి తెలిస్తే కదా?"

"వొద్దనరు కదే. ఓ మాట సెవినేద్దాం."

మా ఊరి పెద్దలు తెలివైనవాళ్లు. ఒక్క చెవినేయడం దగ్గరే తప్పుతారు.

డివిజను ఆఫీసులో పంచాక్షరి గారు మా అర్జీని రెండుసార్లు చదివారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు.

"సదరు కెర్నెలు ఎవరు?"

దమయంతి మేస్త్రీ సంగతి చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నారు. ఆయన ఎవరి మాటైనా శ్రద్ధగా వింటారు. ప్రమాదం అక్కడే.

"అనగా కంప్యూటరు అనునది పోస్టు. కెర్నెలు అనునది సదరు పోస్టునందు విధులు నిర్వర్తించు వ్యక్తి. మీరు కోరునది వ్యక్తి మార్పిడి."

"వ్యక్తి కాదండి. అదో ఫైలండి."

"అమ్మా, ఈ ఆఫీసులో ఫైలుకున్న గౌరవం వ్యక్తికి లేదు. నేను తగ్గించే చెప్పుచున్నాను. పాతవారి వయసెంత?"

"వయసుండదండి, నంబరుంటాది. ఐదు పాయింటు పదిహేను."

"పదిహేను నెలలని రాయరాదు. ఆరు సంవత్సరముల మూడు నెలలు." సరిచేసి రాసుకున్నారు. "కొత్తవారు?"

"ఆరు పాయింటు ఎనిమిది."

"ఆరు సంవత్సరముల ఎనిమిది నెలలు. బాగున్నది. చిన్నవారిని తప్పించి పెద్దవారు వచ్చుట సంప్రదాయమే." అంతలోనే ఆయన ముఖం మారింది. "ఇద్దరూ బాలలే. ఇన్నాళ్లూ బాలునిచేత లస్కరు పని చేయించినారా?"

జోగినాయుడు నా వెనక్కి జరిగాడు.

"మిషనుకి వయసు నేదు బావూ," అన్నాను.

"ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వండి."

ఇచ్చాం.

పాతదాన్ని కూడా పక్కన ఉంచుతామని దమయంతి అనేసరికి ఆయన కలం కింద పెట్టేశారు.

"ఒక పోస్టునందు ఇద్దరా? ఆడిటువారు ఊరకుందురా? ఈ నెలాఖరున నేను పదవీ విరమణ చేయుచున్నానమ్మా. నా చేతిమీదుగా తప్పు జరగరాదు. ముందు పాతవారు రిలీవు కావలెను. పిమ్మట కొత్తవారు చేరుటకు వ్యవధి. వ్యవధి ముగిసిన పిమ్మట చేరిక."

"ఆ మద్దిన నీల్లెవుడు తోడతాడండి? పంట పొట్టమీదుంది."

"నిబంధన నీటిని ఆపదమ్మా. నిబంధన లేనిచోటనే నీరు ఆగును," అన్నారు పంచాక్షరి గారు. ఆయన అది నమ్మే అన్నారు.

కొత్త కెర్నెలుకు స్థానికత ధ్రువపత్రం, ఆరోగ్య ధ్రువపత్రం కావాలన్నారు. ముందు వీఆర్వో దగ్గరికి వెళ్లాం.

"ఎక్కడ పుట్టేడు?" అన్నాడు వీఆర్వో, కాగితం మీద నుంచి తల ఎత్తకుండానే.

"దీన్ని రాసినోలు దేశదేశాల్లో ఉన్నారు," అంది దమయంతి. "కానీ అదంతా కూర్సి కట్టింది మాత్రం ఇక్కడే. మన పంపుహౌసులోనే."

"అయితే స్థానికుడే. తల్లి పేరు?" అని వీఆర్వో ఆమె వైపు చూశాడు.

"నా పేరు రాసేవంటే సెయ్యిరిసేత్తాను."

వీఆర్వో అనుభవం ఉన్న మనిషి. తల్లి, తండ్రి గడుల్లో 'వివరములు అందలేదు' అని, సంరక్షకుడి గడిలో జోగినాయుడు పేరు రాశాడు. జోగినాయుడికి ముగ్గురూ ఆడపిల్లలే. ఆ కాగితం ఇంటికి పట్టుకెళ్లి భార్యకు చూపించాడు. ఆమె ఏమందో మాకు చెప్పలేదు.

ఆరోగ్య కేంద్రం డాక్టరు కంప్యూటరు పెట్టె మీద గొట్టం ఆనించి, లోపలి ఫ్యాను చప్పుడు చాలాసేపు విన్నాడు. శ్వాస కాస్త వేగంగా ఉంది, ఎండలో తిప్పకండి అన్నాడు. పనికి అర్హుడని రాసిచ్చాడు.

కొత్త కెర్నెలును దమయంతి ఒక పెన్‌డ్రైవులో వేసి ఆఫీసుకు ఇచ్చింది. చేరకముందే ఉద్యోగి పంపుహౌసులో తిరగకూడదని పంచాక్షరి గారు దాన్ని కవరులో పెట్టి, లక్క సీలు వేసి, బీరువాలో పెట్టి తాళం వేశారు.

పాత కెర్నెలుకు వీడ్కోలు సభ పంపుహౌసు ముందు జరిగింది. షామియానా వేశారు. డివిజనుకంతా పెద్దయిన ఈఈ గారు పంచాక్షరి గారిని వెంటబెట్టుకుని జీపులో వచ్చారు. కంప్యూటరుకు దండ వేసి, మెరూను రంగు శాలువా కప్పారు. ఈఈ గారు మైకు పట్టుకున్నారు.

"సదరు కెర్నెలు గారు తమ సేవాకాలమందు ఒక్క సెలవు కూడా వాడుకొనలేదు. ఎవరినీ పరుషముగా మాట్లాడలేదు. పదోన్నతి కోరలేదు. ఇట్టి ఉద్యోగి ఈ శాఖకు మరల దొరకుట దుర్లభము."

అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో పాత లస్కరు పైడయ్య కూర్చుని ఉన్నాడు. అతను దిగిపోయిన రోజు ఆఫీసుకు సెలవు. శాలువా లేదు. అతను కూడా చప్పట్లు కొట్టాడు.

"ఇక వారిని పంపివేయండి," అన్నారు ఈఈ గారు.

"పాతది తుడిసేత్తే మిషను మల్లీ లెగదండి," అంది దమయంతి. "ముందు కొత్తది ఎయ్యనివ్వండి. అప్పుడు తుడిసేత్తాను."

"రిలీవైన ఉద్యోగి కార్యాలయ ఆవరణలో ఉండరాదు. చేరని ఉద్యోగి ప్రవేశించరాదు. ఇందులో మీకు అర్థం కానిదేమున్నది?" అన్నారు ఈఈ గారు.

"తుడిసేయే తల్లీ," అన్నాడు జోగినాయుడు. "జీపొచ్చిందే మరి."

ఆమె నా వైపు చూసింది. నేను జీపు వైపు చూశాను. వద్దని ఉండవలసింది. ఆమె తుడిచేసింది.

అందరూ మోటారు వైపు చూశారు. మోటారు తిరుగుతూనే ఉంది. తూములోంచి నీళ్లు దూకుతూనే ఉన్నాయి.

"ఇదేమి?" అన్నారు పంచాక్షరి గారు.

"ఫైలు పోయిందండి. కానీ లెగిసున్న మేస్త్రీ లెగిసే ఉంటాడు. మిషను ఆపీవరకూ పని సేస్తూనే ఉంటాడు. తనని తీసేసినట్టు ఆడికి తెలీదండి."

పంచాక్షరి గారు నిజంగానే బాధపడ్డారు. "రిలీవైన పిమ్మట విధులు నిర్వర్తించుటయా? ఇంత మంచి సర్వీసు చేసి, చివరి ఘడియలో ఇదేమి బుద్ధి? వారు తాకిన ప్రతి చుక్కా అనధికారము!"

ఆయనే స్విచ్చు వైపు నడిచారు. దమయంతి అడ్డం నిలబడింది.

"ఆపకండి బావూ. ఆపితే మరి లెగడు."

"తప్పుకోవమ్మా. ఇది ఆయన గౌరవానికి సంబంధించిన విషయము."

టక్కుమంది. మోటారు గొంతు సన్నగిల్లి, ఆగింది. కాలవలో ఉన్న నీరు కాసేపు మా వైపు నడిచింది. తరవాత అదీ ఉన్నచోట కూర్చుండిపోయింది. అప్పుడు లడ్డూలు పంచారు.

నాలుగు ఎండలకు నా మడి నెర్రెలు విచ్చింది. పొట్ట విప్పి చూశాను. లోపల వెన్ను పసిపిల్ల జుట్టులా మెత్తగా ఉంది. ఇంకా చావలేదు. డివిజను ఆఫీసుకు వెళ్లాను.

"కొత్తోడు ఎప్పుడు సేరతాడు బావూ?"

"దూరమును బట్టి వ్యవధి," అన్నారు పంచాక్షరి గారు. "ఎక్కువ దూరము నుండి వచ్చువారికి ఎక్కువ వ్యవధి ఇవ్వవలెను."

"మీ బీరువాలోనే ఉన్నాడు కద బావూ."

"దేశదేశముల నుండి వచ్చినారని మీ అమ్మాయే వీఆర్వో ఎదుట చెప్పినది. ఏ దేశము నుండి లెక్కించవలెనో పై ఆఫీసుకు రాసినాము."

ఇంటికి వచ్చి దమయంతికి చెప్పాను. ఆమె అంట్లు తోముతూ విన్నది. చేతులు కడుక్కుని లేచింది.

"ఆళ్ల బీరువాలోది ఆళ్లకే ఉండనీ. అలాటిది నా కాడింకోటి ఉంది. కావాలంటే వందవుతాయి. పద."

పంపుహౌసులో ముందుగా కంప్యూటరు మీది శాలువా లాగి పారేసింది. "గాలాడక సచ్చుండును ఎదవది," అంది. దండ తీసింది. తన పెన్‌డ్రైవు గుచ్చి, దాంతో మిషన్ను లేపింది. నల్లటి తెర మీద తెల్లటి వరసలు చీమల బారులా పాకాయి. నేను టీ తాగి వచ్చాను. మోటారు తిరుగుతోంది. కొత్త పరికరాన్ని కొత్త మేస్త్రీ గుర్తుపట్టాడు. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

మెరకమళ్లు తడిశాయి. నడిమి మళ్లు తడిశాయి. నీరు నా గట్టుకు రెండు మళ్ల ఎగువన ఉండగా డివిజను ఆఫీసు నుంచి మెమో వచ్చింది. కింద పంచాక్షరి గారి సంతకం. జోగినాయుడు దాన్ని పైకి చదివాడు.

"చేరవలసిన ఉద్యోగి ఈ కార్యాలయపు బీరువాయందు సీలు వేయబడి యుండగా, మీ పంపుహౌసునందు విధులు నిర్వర్తించుచున్నది ఎవరు? ఒకే ఉద్యోగి ఏకకాలమున రెండుచోట్ల ఉండుట అసంభవము గనుక, రెండవవారు మారువ్యక్తి అని భావించవలసియున్నది. విచారణ ముగియువరకు పంపుహౌసుకు సీలు వేయబడును."

తాళం పట్టుకుని వాళ్ల చిన్న ఇంజనీరు ఏఈ అప్పుడే బయలుదేరాడని కబురు. ముగ్గురం ఆటో ఎక్కి డివిజను ఆఫీసుకు పోయాం.

పంచాక్షరి గారు తన గదిలోనే, తన కుర్చీలోనే, తల వంచి రాసుకుంటున్నారు. పట్టపగలు లైటు వెలుగుతోంది. జోగినాయుడు దండాలు పెట్టడం మొదలుపెట్టాడు. దమయంతి పెన్‌డ్రైవుకూ మనిషికీ తేడా చెప్పసాగింది. నాకు మాటలు తక్కువ. గది చూస్తూ నిలబడ్డాను.

కుర్చీ వీపు మీద శాలువా ఉంది. మెరూను రంగు. మా పంపుహౌసులో కప్పిన శాలువా లాంటిదే, అంచు కూడా అదే. గోడ మేకుకు బంతిపూల దండ ఉంది. పూల అంచులు నల్లబడ్డాయి. తలుపు మీద ఆయన పేరు పలక ఉండే చోట రెండు మేకు బెజ్జాలు మాత్రమే ఉన్నాయి.

"ఆ శాలువా ఎప్పుడు కప్పేరు బావూ?" అన్నాను.

"మొన్న నెలాఖరున. ఈఈ గారే కప్పినారు," అన్నారు ఆయన రాస్తూనే. "మంచి మాటలు చెప్పినారు."

"మరి మాకీ మెమో దానికి ముందు రాసేరా, తరవాత రాసేరా?"

కలం ఆగింది. పైన ఫ్యాను మాత్రం తిరుగుతోంది.

"కొత్త సూపరింటెండెంటు గారు చేరుటకు వ్యవధిలో ఉన్నారు," అన్నారు ఆయన చివరికి. ఈసారి గొంతు ఆఫీసు గొంతులా లేదు. "ఎవరో ఒకరు చూడాలి కదయ్యా. ముప్పై ఏళ్లుగా పొద్దున్నే ఇటే వస్తున్నాను. కాళ్లు ఇటే వస్తున్నాయి."

"రిలీవైనోరు తాకిన సుక్క అనధికారం అన్నారు కద బావూ."

ఆయన నా వైపు చూశారు. కోపం రాలేదు. చెప్పాను కదా, ఎవరి మాటైనా శ్రద్ధగా వింటారు. మెమో ఇలా ఇవ్వమని చెయ్యి చాపారు.

"దీనిని నేను రద్దు చేయజాలను. నాకు అధికారము లేదు."

జోగినాయుడు మళ్లీ దండం పెట్టబోయాడు.

"జారీ చేయుటకు కూడా అధికారము లేదు," అన్నారు పంచాక్షరి గారు. "కనుక ఇది జారీ కాలేదు. జారీ కానిదానిని రద్దు చేయనవసరము లేదు." మెమోను నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దోపారు. బల్ల కుదురుకుంది. ఫోను ఎత్తి, దారిలో ఉన్న ఏఈతో తాళం పట్టుకుని వెనక్కి రమ్మన్నారు. ఆ ఏఈకి కూడా ఆయన దిగిపోయిన సంగతి గుర్తున్నట్టు లేదు. అలాగేనండి అన్నాడు.

ఆ ఒక్క ఫోనుతో మా శివారు మళ్లు వెన్ను తీశాయి. కొత్త కెర్నెలు ఇప్పటికీ ఆ బీరువాలోనే, చేరుటకు వ్యవధిలో ఉంది.

మేం లేవబోతుంటే పంచాక్షరి గారు దమయంతిని ఆపారు.

"అమ్మా, ఆ రోజు నేను ఆపకుండా ఉన్నట్లయితే, ఆ పాతవారు ఎంతకాలము పనిచేసేవారు?"

"ఎవులూ ముట్టుకోకపోతే ఏళ్లకేళ్లు సేస్తాడండి."

ఆయన తల ఊపారు. ఇంకో ఫైలు దగ్గరికి లాక్కున్నారు.

పగటిపూట లైటు దండగ కదా అని, బయటికి వస్తూ అలవాటు కొద్దీ గోడ మీది స్విచ్చు మీద చెయ్యి వేశాను. దమయంతి నా చెయ్యి పట్టుకుంది.

"ఆపకు మావా," అంది మెల్లగా. "ఆపితే మరి లెగడు."